బంగే నల్లకుక్క

1577 ఆగస్టు 4, ఆదివారం. తూర్పు ఇంగ్లండులోని సఫోక్ కౌంటీలో, బంగే అనే చిన్న పట్టణంలోని సెయింట్ మేరీ చర్చిలో ప్రార్థన జరుగుతుండగా పెనుగాలివాన విరుచుకుపడింది. ఆ చర్చి మరణాల రిజిస్టరులో ఆనాటికి రెండు పేర్లున్నాయి: జాన్ ఫుల్లర్, ఆడమ్ వాకర్. ప్రార్థనవేళ గంటల గోపురంలో తుఫానుకు బలయ్యారని రాసి ఉంది. అంతే. కుక్క ఊసే లేదు.

కుక్క లండన్‌లో పుట్టింది. వర్జిల్ కావ్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన అబ్రహాం ఫ్లెమింగ్ అనే యువ పండితుడు, అచ్చుకూటాలకు కలమమ్ముకుని బతికేవాడు, ఆ ఏడే ఈ ఘటనపై ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. మెరుపుల నడుమ భయంకరమైన నల్లకుక్క, లేదా ఆ రూపు దాల్చిన సైతాను, చర్చిలోకి దూసుకువచ్చి, మోకరిల్లిన ఇద్దరి మధ్యగా పోతూ వారి మెడలు విరిచిందట. మరొకడి వీపు పట్టగానే అతడు నిప్పుసెగకు తోలులా ముడుచుకుపోయాడట, అయినా బతికాడట. అదే రోజు అది బ్లైత్‌బర్గ్ చర్చిలోనూ దూరి మరో ముగ్గురిని చంపిందట. గోపురంలో మరణించినవారు ఈ కథనంలో మోకరిల్లిన భక్తులయ్యారు. వారి పేర్లూ పోయాయి.

అయితే ఫ్లెమింగ్ పిడుగు ఆనవాళ్ళను దాచలేదు. గడియారపు తీగలు, చక్రాలు మెలితిరిగి తెగిపోయాయని ఆయనే రాశాడు. ఎత్తయిన గోపురం, లోహపు తీగలు, క్షణంలో పోయిన ప్రాణాలు, కాలిన ఒంటితో మిగిలిన ఒకడు. పిడుగుపాటు లక్షణాలు తెలిసిన వైద్యుడికి ఇక్కడ కుక్కతో పనిలేదు. అలాగని ఫ్లెమింగ్‌ను అబద్ధాలకోరు అనడం తొందరపాటు. తోకచుక్కల మీదా, 1580 నాటి భూకంపం మీదా పుస్తకాలు తెచ్చిన ఆయనకు ప్రకృతి ఉత్పాతాలన్నీ దైవాగ్రహ సూచనలే. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్టు, అన్నిటికీ ఆయన ఇచ్చిన మందు పశ్చాత్తాపమే.

ఇక జానపదుల కుక్క వేరు. తూర్పు ఇంగ్లండు పల్లెదారుల్లో రాత్రిపూట తిరిగే ‘బ్లాక్ షక్’ పేరుకు మూలం, దయ్యమనే అర్థమున్న ఒక ప్రాచీన ఇంగ్లీషు మాట అంటారు. ఫ్లెమింగ్ పుస్తకంలో ఆ పేరు ఎక్కడా లేదు. అది అచ్చులో కనిపించేది 1850లో. పల్లెకథల్లో షక్ సాధారణంగా మెడలు విరవదు. కనబడితే చావు దగ్గరపడినట్టు. కొన్నిచోట్ల ఒంటరి బాటసారికి తోడుగా కూడా నడుస్తుంది. లండన్ అచ్చు కుక్కా, పల్లెబాటల కుక్కా తరువాతి కాలంలో ఒకటైపోయాయి. ఈనాడు బంగే పట్టణ చిహ్నం మీద మెరుపుపై పరుగెత్తుతున్నది ఈ జోడింపు జీవే.

బ్లైత్‌బర్గ్ చర్చి ఉత్తర ద్వారం మీద నల్లని కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. సందర్శకులకు వాటిని షక్ గోళ్ళ గుర్తులుగా చూపిస్తారు. అవి కొవ్వొత్తుల మంట వల్ల పడ్డవని మరికొందరి అభిప్రాయం.