ఒక మీటరు దూరం

లౌడ్‌స్పీకర్ కాగితం మీద ‘90 డెసిబెల్స్, 1 వాట్, 1 మీటర్’ అని ఉంటుంది. మొదటి అంకెను అందరూ చూస్తారు. చివర ఉన్న ఆ మీటరుకి కూడా ఒక చరిత్ర ఉంది.

ఒకప్పుడు అమెరికన్ పరిశ్రమ ప్రమాణంలో ఈ మీటరు లేదు. ఒక మిల్లీవాట్ శక్తికి 30 అడుగుల దూరంలో వచ్చే శబ్దాన్ని లెక్కగట్టేవారు. ఆ లెక్కలో 45 అని రాసిన హారన్ ఇవాళ్టి లెక్కలో సుమారు 94. మిల్లీవాట్‌కీ వాట్‌కీ తేడా 30 డెసిబెల్స్, దూరానికి మరో 19. తర్వాత కొన్ని కంపెనీలు 4 అడుగుల దగ్గర కొలిచాయి. మీటరుతో పోలిస్తే అక్కడ 1.7 డెసిబెల్స్ తక్కువ వస్తుంది. స్పీకర్ మాత్రం అదే!

దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయన్న సూత్రం చిన్న స్పీకర్‌కి, ఆరుబయట, బాగానే పనిచేస్తుంది. నిలువెత్తు పెట్టెకి మీటరు దూరంలో మైకు పెడితే ఒక కోను దగ్గర, మరొకటి దూరం. వాటి శబ్దాలు దూరాన కలిసినట్టు అక్కడ కలవవు, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గీత వంకర్లు పోతుంది. అందుకే దూరంగా కొలిచి, మీటరుకి లెక్కగట్టి రాస్తారు. అలాగని గదిలో మరీ వెనక్కి జరిగితే గోడల ప్రతిధ్వని కలుస్తుంది. 1974లో డాన్ కీల్ మైకుని కోనుకి దాదాపు ఆనించి కొలిచే పద్ధతిని వివరించాడు. గది బెడద పోతుంది గానీ, అది బేస్ స్వరాలకే చెల్లుతుంది.

ఇదంతా ఇంజనీర్ల గొడవ అనుకోకండి. నేనుండే మియాపూర్‌లో పండగ పందిరికీ అపార్ట్‌మెంట్ బాల్కనీకీ మధ్య కొన్నిచోట్ల పది మీటర్లు కూడా ఉండవు. 105 డెసిబెల్స్ హారన్‌కి 30 వాట్లు ఇస్తే పది మీటర్ల దగ్గర దాదాపు 100. అది 75కి దిగాలంటే, మైదానంలోనే, సుమారు 180 మీటర్లు కావాలి. రెండు వైపులా గోడలున్న సందులో ఇంకా ఎక్కువే కావాలి.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు స్పీకర్ నుంచి ఇన్ని మీటర్లని చెప్పలేదు. బహిరంగ స్థలం హద్దు దగ్గర, పరిసరాల ప్రమాణం మీద 10 డెసిబెల్స్ లేదా మొత్తం 75, ఏది తక్కువైతే అది, దాటకూడదన్నాయి. నివాస ప్రాంతానికి పగటి ప్రమాణం 55 కాబట్టి, లెక్క 65 దగ్గరే ఆగుతుంది. 2005 జూలై 18న సుప్రీంకోర్టూ అదే హద్దును ఖాయం చేసింది. వినేవాడి వైపు నుంచి ఆలోచించిన మంచి నియమమే. కానీ పందిరి రోడ్డు మీదే వేస్తే హద్దు ఎక్కడ? మీటరు పట్టుకొచ్చిన మనిషి పందిరి అంచున నిలబడాలా, మన గేటు దగ్గరా? అది తేల్చకుండా రాసుకున్న అంకె మీద రెండు పక్షాలూ పోట్లాడుకోవచ్చు. అంకెతో పాటు దూరాన్నీ రాయమని అడగాల్సింది మనమే.