క్రిటికల్ ఇల్‌నెస్ పాలీన్యూరోపతీ

ఐసీయూలో ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారి నరాలు దెబ్బతిని, కాళ్లూ చేతులూ, ఊపిరి తీయించే కండరాలూ చచ్చుబడే జబ్బు ఇది. సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించే స్థితి) పాటు రెండు మూడు అవయవాలు ఒకేసారి దెబ్బతిన్నవారిలో ఎక్కువ. చిత్రమేమిటంటే, అసలు జబ్బు తగ్గుముఖం పట్టాకే ఇది బయటపడుతుంది. జ్వరం తగ్గుతుంది, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు తేటపడతాయి, మత్తుమందు ఆపేస్తారు. అయినా రోగి వెంటిలేటర్ లేకుండా ఊపిరి తీసుకోలేడు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, లండన్ నగరంలో న్యూరాలజిస్టు చార్లెస్ బోల్టన్ బృందం 1984లో ఇలాంటి ఐదుగురిని వర్ణించింది. సెప్సిస్ పాతదే. వెంటిలేటర్లు వచ్చి, రోగులు వారాల తరబడి నిలదొక్కుకోవడం మొదలయ్యాకే ఈ జబ్బు కంటబడింది.

మంచం పక్కన పరీక్షలో ఒక తేడా తెలుస్తుంది. గోరు మీద గట్టిగా నొక్కితే రోగి మొహం చిట్లిస్తాడు, చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేడు. ముఖ కండరాలు సాధారణంగా బాగానే ఉంటాయి. ఇది గమనించకపోతే మెదడే దెబ్బతిందని ఇంటివాళ్లు ఆశ వదులుకునే ప్రమాదం ఉంది. మెలకువ వచ్చి చెప్పినట్టు చేయగలిగితే, రెండు వైపులా కలిపి 12 కండర సముదాయాలకు 60 మార్కుల లెక్కన బలం కొలుస్తారు. 48 కన్నా తక్కువైతే ఐసీయూ బలహీనతగా పరిగణిస్తారు.

గీలన్-బారీ సిండ్రోమ్‌లోనూ కాళ్లూ చేతులూ పడిపోతాయి. కాకపోతే ఆ రోగిని ఐసీయూకి తెచ్చేది ఆ బలహీనతే. ఇక్కడ బలహీనత ఐసీయూలో ఉండగా మొదలవుతుంది. పైగా ఇందులో పాడయ్యేది నరం లోపలి ఆక్సాన్, దానిపైనున్న మైలిన్ పొర కాదు. అందుకే నరాల పరీక్షలో సంకేతాల వేగం దాదాపు మామూలుగానే ఉండి, వాటి ఎత్తు మాత్రం పడిపోతుంది. నరాలకు రక్తం అందించే సన్నని నాళాలు సెప్సిస్‌లో దెబ్బతినడమే మూలమని భావిస్తున్నారు. చాలామందిలో కండరాలూ దీనితో పాటే చెడతాయి.

దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. ఇన్సులిన్‌తో షుగర్‌ను గట్టిగా అదుపు చేస్తే ఈ జబ్బు తగ్గుతుందని బెల్జియంలోని లూవెన్‌లో 2001 నాటి అధ్యయనం ఆశ పుట్టించింది. అంత గట్టి అదుపు వల్ల మరణాలు పెరుగుతాయని 2009లో నైస్-షుగర్ అధ్యయనం తేల్చడంతో వైద్యులు వెనక్కి తగ్గారు. ఇప్పుడు చేస్తున్నదల్లా సెప్సిస్‌కు త్వరగా వైద్యం, మత్తుమందు తగ్గించడం, వెంటిలేటర్ మీద ఉండగానే ఫిజియోథెరపీ. తేలికపాటి కేసులు వారాల్లో కోలుకుంటాయి. తీవ్రమైనవాటికి నెలలు పడుతుంది. కొందరికి పాదం పైకెత్తలేని ఇబ్బంది ఏళ్ల తరబడి ఉండిపోతుంది.