ప్రసవవేదనయు మన కర్తవ్యమును



కాన్పుగదిలో తల్లి కేక వేయగా, "అది ఆడదానికి విధింపబడిన బాధ, ఓర్చుకొనవలసినదే" అను మాట మనలో ఇప్పటికిని వినబడుచున్నది. దానికి ఆదికాండము మూడవ అధ్యాయమును ఆధారముగా చూపువారును కలరు. ఈ తలంపు సరియైనదేనా?

మొదట ఆ నొప్పి ఏమిటో తెలిసికొనుడి. గర్భసంచి బలమైన కండరము. నెలలు నిండినప్పుడు అది అలలవలె బిగియుచు, సడలుచు, మూసియున్న తన ద్వారమును సుమారు 10 సెంటీమీటర్ల వరకు తెరచును. తొలిచూలు తల్లికి దీనికే అనేక గంటలు పట్టును. తరువాత బిడ్డ తల కటి ఎముకల ఇరుకుదారికి తగినట్లు వంగి, తిరిగి, వెలుపలికి వచ్చును. చివరకు మాయ పడును. పొలము దున్నువాని ప్రయాసకు ఇది ఏమాత్రమును తీసిపోదు.

1847 నవంబరులో ఎడింబరో పట్టణమందు జేమ్స్ సింప్సన్ అను వైద్యుడు ప్రసవ సమయమున క్లోరోఫారము నుపయోగించెను. అది దేవుని తీర్పునకు విరోధమని కొందరు ఆక్షేపించిరి. ఆయన డిసెంబరులోనే చిన్న పుస్తకము ప్రకటించి లేఖనములతోనే జవాబిచ్చెను. నేల ముండ్లను మొలిపించుననియు ఆ అధ్యాయములోనే ఉన్నది. అయినను ముండ్లు పీకు రైతును ఎవరు తప్పుపట్టుదురు? ఆదాము ప్రక్కటెముకను తీయకమునుపు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేసెను గదా? ఇవి ఆయన వాదములు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫారము పీల్చెను. ఆ పిమ్మట ఆక్షేపణ తగ్గెను.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. నేడు సంగారెడ్డి జిల్లాలోనున్న జహీరాబాదు ప్రాంతము ఆ కాలమున నిజాము రాజ్యములోనిది. ఆ రాజ్యపు రాజధానియగు హైదరాబాదులో 1888, 1889 సంవత్సరములందు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో రెండు క్లోరోఫారము కమీషనులు పనిచేసెను. రెండవదానికి నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయము చేసెను. లారీ శిష్యురాలైన రూపాబాయి ఫర్దూంజీ 1889లో వైద్యవిద్య ముగించి, లోకములోని తొలి స్త్రీ మత్తువైద్యులలో ఒకతెగా పేరొందెను.

క్లోరోఫారము గుండెను నేరుగా ఆపదని ఆ కమీషనులు తేల్చెను. ఆపగలదని 1911లో లెవీ అను వైద్యుడు నిరూపించెను. క్రమముగా ఆ మందు వాడుక తప్పినది. కాని వేదనను తగ్గింపవలెనను కనికరము వాడుక తప్పలేదు. నేడు వెన్నుకు ఇచ్చు ఎపిడ్యూరల్ వంటి మేలైన మార్గములు కలవు.

అవి ప్రతి తల్లికిని అందుటలేదు. అయినను మనము చేయగలిగినది కలదు. ప్రసవమంతటను తల్లి కోరిన తోడు ఆమె చెంత నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసెను. కావున జహీరాబాదులోనైనను, మరి ఏ పల్లెలోనైనను, నొప్పులు మొదలైనప్పుడు "అందరును కనలేదా?" అని గద్దింపకుడి. 108కి ఫోను చేయుడి. ఆమె కోరిన మనిషిని తోడుంచుటకు ఆసుపత్రివారిని అడుగుడి. నడుము నిమురుడి, ధైర్యము చెప్పుడి.

యోహాను సువార్త 16వ అధ్యాయములో ప్రభువు తన శిష్యుల దుఃఖమును ప్రసవించు స్త్రీ వేదనతో పోల్చెను. అక్కడ ఆయన దానిని శిక్ష యనలేదు. సంతోషమునకు ముందు వచ్చు గడియగా చూపెను. ఆ గడియలో ఏ తల్లినైనను ఒంటరిగా విడిచిపెట్టకుందుము గాక.