వేరులోనే ఆగే విషం

కటక్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1955లో జయపురం కొండల్లో వడ్ల సేకరణ మొదలుపెట్టారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉన్న నేల అది. నేటి కోరాపుట్, రాయగడ జిల్లాలు ఆ పాత జయపురం సంస్థానంలోవే. నాలుగైదేళ్లలో గిరిజన రైతుల దగ్గర 1,745 రకాలు దొరికాయి. నేలలోని విషలోహం గింజకు చేరాలా వద్దా అన్నది వరిలోని జన్యువులు తేలుస్తాయని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లోనే జపాన్‌లో, తొయామా ప్రాంతపు జింజూ నది ఒడ్డున, పిల్లల్ని కని పెంచిన నడివయసు ఆడవాళ్లు మంచం పడుతున్నారు. దగ్గితే పక్కటెముకలు విరిగేవి. నొప్పి నొప్పి అన్న వాళ్ల మూలుగే ‘ఇతాయి ఇతాయి’గా జబ్బుకు పేరైంది. ఎగువన కమియోకా గనిలో జింకు ఖనిజంతో పాటు బయటపడిన కాడ్మియం ఏటి నీటితో వరిమళ్లకు చేరిందని స్థానిక వైద్యుడు హగీనో పట్టుబట్టి చెప్పాడు. ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది.

ఒంట్లో చేరిన కాడ్మియం తేలిగ్గా పోదు. మెటలోథయొనిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టి ఉంచుతుంది. మూత్రపిండాల్లో పేరుకున్నదాంట్లో సగం పోవడానికే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. ప్రొటీన్ పట్టి ఉంచగలిగినదాన్ని మించితే మూత్రపిండాల్లోని సన్నని నాళికలు చెడతాయి. ఒంటికి దక్కాల్సిన ఫాస్ఫేట్, కాల్షియం మూత్రంలో కొట్టుకుపోతాయి, ఎముక మెత్తబడుతుంది. ఇనుము తక్కువైన ఒంట్లో పేగు ఇనుము కోసం ఆత్రపడి, అదే దారిలో కాడ్మియాన్నీ ఎక్కువగా లోపలికి తీసుకుంటుంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు ముప్పు ఎక్కువ. మన పల్లెల్లో అలాంటి వాళ్లు ఎందరో చెప్పనక్కర్లేదు.

వరి సంగతి 2010లో తేటపడింది. హెచ్ఎంఏ3 అనే జన్యువు సరిగ్గా ఉంటే వేరు కణాలు కాడ్మియాన్ని తమలోని సంచుల్లో బంధిస్తాయి. అంజనా ధాన్ అనే రకంలో ఆ జన్యువు చెడింది. అందుకే లోహం వేరులో ఆగకుండా పైకెక్కింది. రెండేళ్లకు జపాన్ శాస్త్రవేత్తలు కొషిహికరి అనే వరి విత్తనాలపై కార్బన్ అయాన్ల పుంజం ప్రయోగించి, మాంగనీసుతో పాటు కాడ్మియాన్నీ లోపలికి తెచ్చే మరో జన్యువు పనిచేయని మొక్కల్ని ఎంచారు. వాటి గింజలో కాడ్మియం దాదాపు లేదు.

నీరూ ముఖ్యమే. మడి నిండుగా ఉంటే కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలో ఉండిపోతుంది. ఆరితే కరిగి వేరుకు అందుతుంది. కోరాపుట్‌లో వాగుల్లో మెట్లుగా కట్టిన జోలా మళ్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి. కొండవాలు డొంగర్ పొలాలకు వానే ఆధారం, వాన లేకుంటే ఆరిపోతాయి. ఇక్కడి వడ్లు విషపూరితమని నేను చెప్పడం లేదు. ఫాస్ఫేట్ ఎరువుల వెంట కూడా కాడ్మియం పొలాలకు చేరుతుంది కనుక ఈ రెండు రకాల సాగునూ కలిపి చూడాలంటున్నాను.

జయపురం దగ్గరి పాత్రాపుట్‌కు చెందిన కమలా పూజారి నాటు విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకుంది. అలాంటివాళ్లు మిగిల్చిన రకాల్లో ముందు డొంగర్ వడ్లనే తీసుకోవాలి. కాడ్మియం కలిపిన మట్టిలో, తడిలో కొన్ని, ఆరనిచ్చి కొన్ని పెంచి గింజలో ఎంత చేరిందో కొలవాలి.