తాత జావా, చిన్నాయన బుల్లెట్, అమ్మ టీవీఎస్ 50

మా ఇంట్లో బండి కొనే మాట వస్తే ధరకన్నా, మైలేజీకన్నా ముందు ఒక ప్రశ్న వస్తుంది. "కాలు ఎట్కుతుందా?" ఎట్కడమంటే అందడం. అసలు కన్నడ మాటే, గానీ చింతామణి పక్కన తరాలుగా ఉన్న మాలాంటి ఇండ్లల్లో అది తెలుగులో కలిసిపోయి చాలా కాలమైంది. స్కూల్లో కన్నడం చదివి ఇంట్లో తెలుగు మాట్లాడిన మాకు ఏ మాట ఎక్కడిదో విడదీసి చూసే అలవాటు కూడా లేదు.

ఆ ప్రశ్న వెనక మూడు బండ్ల చరిత్ర ఉంది. పోయిన సంక్రాంతికి నాయన కొత్త బండి కావాలన్నప్పుడు పాత ఫోటోలు, ఆర్సీ కాగితాలు బయటికి తీసి, అవ్వను, అమ్మను అడిగి అదంతా రాసుకున్నాం.

మొదటిది తాత జావా. 1968లో కొన్నాడు. తాత ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, మనిషి బక్కపలచన. అప్పట్లో మన పక్క మోటార్ సైకిల్ కొనాలంటే దొరికేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మద్రాసు నుంచి బుల్లెట్, మైసూరు నుంచి జావా, ఉత్తరాది నుంచి రాజ్‌దూత్. స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏండ్ల తరబడి కాచుకోవాల. ఆ కాలంలో బండి ఎంచుకోవడమనే మాటకు పెద్ద అర్థం లేదు, దొరికిన దానికి మనిషే సర్దుకునేవాడు. అయినా ఆ రెండు మూడు బండ్లల్లో కూడా ఒళ్ళు చూసుకొని ఎంచుకున్నవాళ్ళు ఉన్నారు. తాత వాళ్ళల్లో ఒకడు.

బుల్లెట్ మన దేశానికి వచ్చిందే సైన్యం కోసం. సరిహద్దు కాపలాకు గట్టి బండి కావాలని సైన్యం 800 బుల్లెట్లకు ఆర్డరు ఇచ్చింది. దాని వెనకనే 1955లో మద్రాసు మోటార్స్ వాళ్ళు ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినారు. 350 సీసీ, ఒకే సిలిండరు, 19 అంగుళాల చక్రాలు. ఇంగ్లండులో తయారైన డిజైను, దృఢమైన సిపాయి నడపాల్సిన బండి. అదే బండిని మన రైతుకు, మన మేష్టరుకు అమ్మినారు. కిక్ కొట్టడం కూడా ఒక విద్యే. ఆమ్మీటరు ముల్లు చూసుకుంటూ పిస్టన్‌ను సరైన చోటికి తేవాల, డీకంప్రెసర్ పట్టుకోవాల, అప్పుడు ఒళ్ళంతా వేసి తొక్కాల. లెక్క తప్పితే లివరు వెనక్కి తన్ని ముంగాలు వాచిపోయేది.

జావా కథ వేరే. చెకొస్లొవాకియా డిజైను. యానెచెక్ అనే ఆయన పేరు మొదటి అక్షరాలు, వాండరర్ అనే కంపెనీ పేరు మొదటి అక్షరాలు కలిపితే జావా. ఇరానీల కుటుంబం మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టింది. 1961లో దాన్ని తెరిచింది అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరు జయచామరాజేంద్ర ఒడెయరు. మన రాష్ట్రం బండి అనే అభిమానం తాతకు లేదని కాదు. కానీ అవ్వ చెప్పేది ఇంకొకటి. బెంగళూరులో తాత రెండు బండ్ల మీదా కూర్చొని చూసినాడంట. బుల్లెట్ మీద కాలి వేళ్ళు మాత్రం ఆనినాయి, జావా మీద రెండు మడమలూ ఆనినాయి. కారణం తాతకు తెలీదు. ఇప్పుడు మాకు తెలుసు. ఆ జావా 250కి చక్రాలు 16 అంగుళాలవి. చక్రం చిన్నదైతే బండి మొత్తం నేలకు దగ్గరవుతుంది. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి కిక్ కూడా తేలిక. గేరు లివరునే లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే అదే కిక్ లివరు అయ్యేది. ఎడమ పక్క ఒకటే లివరు, రెండు పనులు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే తద్దినం ఒకటి ఉండె, అది మాత్రం అవ్వే చూసుకునేది, కొలత తప్పకుండా.

ఆ జావా మీద తాత ఇరవై ఏండ్లు తిరిగినాడు. పట్టుగూళ్ళ మూటలు వేసుకొని శిడ్లఘట్ట మార్కెట్టుకు, పెండ్లి పిలుపులకు కదిరి దాకా. ఒక్కసారి కూడా కింద పడలేదని అవ్వ గొప్పగా చెప్తుంది. (చెరువులో దిగింది ఆమె లెక్కలో పడటం కాదు.)

రెండోది చిన్నాయన బుల్లెట్, 1987. ఇది చెప్పేదానికి ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు, చిన్నాయనే రాయమన్నాడు.

అప్పటికి బజారు మారిపోయింది. 1984లో హోసూరు నుంచి ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 వచ్చేసినాయి. అన్నీ తేలిక బండ్లు, తాత ఒళ్ళు ఉన్నవాడికి, చిన్నాయన ఒళ్ళు ఉన్నవాడికి సరిపోయేవి. అయినా చిన్నాయన సెకండ్ హ్యాండ్‌లో బుల్లెట్ తెచ్చినాడు. ఆయన తాతకన్నా రెండంగుళాలే పొడుగు. బుల్లెట్ మీద కూర్చుంటే మనిషి పెద్దగా కనపడతాడు, ఆ వయసులో అంతకు మించిన కారణం ఎందుకు? కాలు అందకుంటే మెకానిక్కు దగ్గర సీటు స్పంజి కోయించినాడు. దాంతో ఒక అంగుళం తగ్గింది. తగ్గినందుకు మోకాళ్ళు ఎక్కువ మడిచి కూర్చోవాల్సి వచ్చింది, నడుము నొప్పి మొదలయ్యింది.

అసలు ఇబ్బంది అది కాదు. చిన్నాయన బండి నేర్చుకున్నది జావా మీద. జావాకు గేరు ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి. అప్పటి బుల్లెట్‌కు తిరగమరగ, గేరు కుడి పక్క, బ్రేకు ఎడమ పక్క. తల ఒప్పుకున్నా కాలు ఒప్పుకోదు. ఒకనాడు సాయంత్రం చెరువుకట్ట మీద ఎదురుగా బస్సు వచ్చింది. పక్కకు తీసి ఆపాల. కుడి కాలు బ్రేకనుకొని గేరు తొక్కింది. చేతి బ్రేకుతో ఎట్లో ఆపి, ఎడమ కాలు కింద పెట్టబోతే అక్కడ నేల లేదు. ఉంది గానీ, కట్ట అంచు వాలు కదా, నాలుగు అంగుళాలు కిందికి ఉంది. సమంగా ఉన్న చోట కాలి వేళ్ళు ఆనే మనిషికి ఆ నాలుగు అంగుళాలు పాతాళమే. బండి ఆయన మీదకే ఒరిగింది. ముంగాలు ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆ కాలు ఇప్పటికీ చలికాలంలో లాగుతుంది. పోలీసు ఉద్యోగానికి అర్జీ పెట్టి ఉండె, శరీర పరీక్షకు పోలేకపోయినాడు. ఆయన బతుకు ఏ దారి పట్టేదో, ఆ నాలుగు అంగుళాలు దాన్ని మార్చినాయని అవ్వ అంటుంది. చిన్నాయన మాత్రం "నాలుగు కాదమ్మా, నా పొగరు కూడా కలుపుకో" అంటాడు.

మూడోది అమ్మ టీవీఎస్ 50. 1991.

ఈ చరిత్రలో మేము ఎక్కువసేపు నిలబడాల్సింది ఇక్కడ. తాత జావా, చిన్నాయన బుల్లెట్ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇంటి ఆడవాళ్ళు వాటి మీద ఒకే పక్కకు కూర్చున్నవాళ్ళే. వాళ్ళ కొలతలకు ఎవరూ బండి చేయలేదు. చీర చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రానికి సగానికి తక్కువ కాకుండా కప్పు ఉండాలని, వెనక కూర్చున్నవాళ్ళకు పట్టుకునేదానికి పిడి, కాలు పెట్టేదానికి మెట్టు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెప్తుంది. మంచి నియమమే. అయితే అది వెనక కూర్చునే మనిషి కోసం రాసింది. ముందు కూర్చునే ఆడమనిషి కోసం బండ్లు వేరే దారిలో వచ్చినాయి. 1972లో పూనా నుంచి లూనా, 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50. రెండూ 50 సీసీవి. పెడల్ తొక్కితే స్టార్టు, క్లచ్చు లేదు, గేర్లు లేవు, బండి నడుము కిందికి ఉండి చీరతోనే ఎక్కచ్చు. ఇద్దరు కూర్చునేటట్టు చేసిన మొదటి మోపెడ్ ఈ టీవీఎస్ 50. హోసూరు మనకు దగ్గరే కదా, ఆ ఫ్యాక్టరీ చుట్టూ కూడా తెలుగు మాట్లాడే ఊళ్ళే. మెకానిక్కులు మనవాళ్ళే దొరికేవాళ్ళు.

అమ్మ ఎత్తు నాలుగడుగుల పదకొండు. నాయన ఊర్లో లేని దినం పట్టుగూళ్ళు కోతకు వచ్చినాయి. గూళ్ళు ఆగవు. పురుగు చిమ్మటగా మారి గూడు తొలుచుకొని వచ్చిందంటే ఆ దారం రీలుకు పనికిరాదు, ఆలస్యమయ్యే కొద్దీ తూకమూ తగ్గుతుంది. అంతకుముందు ఇట్లాంటి దినాల్లో పక్కింటాయన చేత మార్కెట్టుకు పంపితే, ఆయన చెప్పిందే ధర. ఆ దినం అమ్మ గూళ్ళ మూట టీవీఎస్ వెనక కట్టుకొని తానే శిడ్లఘట్టకు పోయింది. గూళ్ళు చూసేదానికి పెద్ద మూట గానీ బరువు తక్కువ, చిన్న బండి మోస్తుంది. వేలం దగ్గర నిలబడి ధర తన చెవులతో విని డబ్బు తన చేతితో తీసుకొని వచ్చింది. పక్కింటాయన చెప్పే ధరకూ వేలంలో పలికే ధరకూ ఎంత తేడా ఉండేదో అమ్మ ఇప్పటికీ చెప్పదు. చెప్తే రెండిండ్ల మధ్య మాటలు పోతాయని. ఆ తర్వాత మాత్రం గూళ్ళు ఎప్పుడూ అమ్మే తీసుకొనిపోయింది. మా స్కూలు ఫీజులు ఆ బండి మీద వచ్చినవే.

ఇప్పుడు నాయన సంగతి. ఆయనకు 66. కుడి మోకాలు అరిగింది. అయినా పాత కాలపు రూపంలో వచ్చే కొత్త బండ్లు చూసి మనసు పడినాడు. ఐడియల్ జావా 1996లో మూతపడింది గానీ 2018లో ఆ పేరు మళ్ళీ వచ్చింది, బుల్లెట్లకు ఇప్పుడు సెల్ఫ్ స్టార్టు, గేరు కూడా ఎడమ పక్కకే వచ్చేసింది. "ఇంకేం భయం?" అన్నాడు. షోరూముకు తీసుకొనిపోయినాం. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసేవాళ్ళం, చేసి చూపించనిది నమ్మం. అమ్మిపెట్టే అబ్బాయి కొంచెం విసుక్కున్నాడు, పాపం.

క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. నాయన కూర్చున్నాడు, వేళ్ళు ఆనినాయి. షోరూము పాలరాతి నేల మీద కాదు, బయట రోడ్డు వాలు మీద కూర్చోమన్నాం, చెరువుకట్ట గుర్తుంది కదా. అప్పుడు ఒక కాలే ఆనింది. దిగి, ఇంజను ఆపేసి వెనక్కి తోయమన్నాం. సెల్ఫ్ స్టార్టు కిక్ బాధ తీర్చింది, తోసే బాధ తీర్చలేదు. మోకాలు పట్టుకొని నిలబడిపోయినాడు. తర్వాత స్ప్లెండర్ మీద కూర్చున్నాడు. సీటు 785, అంటే రెండు సెంటీమీటర్లే తేడా. కానీ బరువు 112 కిలోలు, సీటు ముందు భాగం సన్నం. తొడలు వెడల్పు కాకపోతే కాలు నేరుగా కిందికి దిగుతుంది. కాయితం మీద రెండు సెంటీమీటర్లు, ఒంటికి అంతకన్నా ఎక్కువ. సీటు ఎత్తు ఒకటే చూసి బండి కొనేవాళ్ళకు ఇది తెలీదు. చేతులు చాచి హ్యాండిలు పట్టుకుంటే మోచేయి కొంచెం వంగే ఉంది, మణికట్టు మీద భారం పడలేదు. సెంటరు స్టాండు తానే వేసినాడు.

నాయన ముఖం చిన్నబోయింది. పాలవాళ్ళ బండి అన్నాడు. మేమేమీ మాట్లాడలేదు. మాతోబాటు వచ్చిన చిన్నాయన ప్యాంటు కాస్త పైకి లాగి ఆ ముంగాలు చూపించినాడు, అంతే.

అమ్మ అప్పటిదాకా కుర్చీలో కూర్చొని ఉండె. లేచి వచ్చి వెనక ఒకే పక్కకు కూర్చొనింది, పిడి పట్టుకొని చూసింది, చీర కుచ్చిళ్ళు కప్పు లోపలికి పోతాయా లేదా చూసుకొనింది. దిగి ఆ అబ్బాయిని అడిగింది. "దీని మీద గ్యాసు సిలిండరు పెట్టేదానికి అవుతుందా నాయనా? లేకుంటే ఇదీ వద్దు, నా టీవీఎస్సే రిపేరు చేపించుకుంటా."