రేవు దాటితేనే మందు

దివిసీమలో పుట్టిన బిడ్డకు మొదటి మొక్కు మోపిదేవిలో తీరుస్తాం. పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తాం, చెవులు అక్కడే కుట్టిస్తాం. సుబ్రహ్మణ్యేశ్వరుడి పుట్టలో పాలు పోసి, ఈ పసిదాన్ని పురుగూ పుట్రా నుంచి కాపాడు స్వామీ అని దండం పెట్టుకుంటాం. నాగులచవితి నాడు పుట్టమన్ను పిల్లల చెవులకు రాస్తాం. ఈ ఆచారాలన్నీ నేనూ భక్తితోనే పాటిస్తాను. వీటి వెనక తరతరాల తల్లుల భయం ఉంది. కృష్ణ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేల మాది. పిల్లకు పురుగు ముడితే ఎత్తుకుని పరుగెత్తడానికి ఒక చోటంటూ ఉండాలి కదా. ఆ చోటు ఎంత దూరంలో ఉందన్నదే మా సీమలో పాముకాటు వైద్యం చరిత్ర.

పాములు మా పొలాలకు కొత్త కాదు. కాలవలకు నీళ్లు వదిలి సార్వా ఊడ్పులు మొదలయ్యేసరికి కలుగుల్లోకి నీరు చేరుతుంది. ఎలుకలు గట్లెక్కుతాయి, వాటి వెనకే పాములు. ఆగస్టులో కృష్ణకు వరదొస్తే లంకల్లోవి ఇళ్ల దాకా వస్తాయి. నాగుపాము, రక్తపింజర పగలూ సాయంత్రం గట్ల మీద కాటేస్తాయి. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వచ్చి, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. దాని కాటు చీమ కుట్టినంత కూడా తెలియదు. పెద్దవాళ్లకే తెలియనప్పుడు పసిపిల్లలు ఏం చెప్పగలరు?

ఈ తీరం పాముల గురించి మొదట శాస్త్రీయంగా రాసినవాడు పాట్రిక్ రసెల్. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లాండు వైద్యుడాయన, విశాఖపట్నంలో ఉండేవాడు. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో అచ్చయింది. ఏ పాములో విషముందో, ఏ పాములో లేదో జనం గుర్తుపట్టగలగాలన్నదే ఆయన తపన. మనవాళ్లు పిలుచుకునే పేర్లనే రాసుకున్నాడు. రక్తపింజర ఆయన పుస్తకంలో కాటుకరేకుల పొడ. ఇవాళ ప్రపంచమంతా దాన్ని ఆయన పేరు మీదే రసెల్స్ వైపర్ అంటోంది. పాముకాటుకు మందుగా అప్పట్లో పేరుమోసిన తంజావూరు మాత్రలను కూడా ఆయన పరీక్షించి చూశాడు. విరుగుడు మాత్రం ఆయన కాలంలో ఎవరి దగ్గరా లేదు.

1859లో కృష్ణా జిల్లా ఏర్పడి బందరు, అంటే మచిలీపట్నం, దానికి కేంద్రమైంది. కచేరీలు, బడులు, వైద్యులు అక్కడికి చేరారు. తర్వాతి కాలంలో పట్టాభి సీతారామయ్యగారు ప్రాక్టీసు పెట్టిందీ ఆ ఊళ్లోనే. లంక పల్లెల తల్లికి మాత్రం బందరు దగ్గర కాలేదు. రాత్రిపూట పడవవాణ్ణి లేపాలి, పాయ దాటాలి, అవతల బండి దొరకాలి. మంత్రగాడి ఇల్లు అయితే రెండు వీధుల అవతలే. ఆయన వేపాకు నమిలించి, చేదు తెలిసిందా అని అడిగేవాడు. తెలియలేదంటే విషం ఎక్కినట్టు. మాటలు రాని పిల్లలు ఎలాగూ ఏడుస్తారు, ఆ ఏడుపులో చేదేదో నొప్పేదో ఎవరికీ అంతుపట్టేది కాదు. మా నాయనమ్మ తొలిచూలు కొడుకు అలాగే పోయాడు. తెల్లారేదాకా మంత్రం వేయించి, పడవ ఎక్కించేసరికి పిల్లాడి ఒళ్లు చల్లబడిపోయిందట. ఆమెను మూఢనమ్మకాల మనిషి అనడం నాకు ఇష్టం ఉండదు. ఆ రాత్రి పిలిస్తే పలికిన మనిషి మంత్రగాడొక్కడే.

రైలు వచ్చిన ఊళ్లలో ఈ నమ్మకం తంతి తీగలెక్కింది. నరసయ్య అనే రైల్వే స్టేషన్ మాస్టరుకు టెలిగ్రాం ఇస్తే, ఎంత దూరాన ఉన్నా విషం దిగుతుందని తెలుగునాట చాలామంది నమ్మారు. గుడివాడ లాంటి జంక్షను దగ్గర్లో ఉన్నవాళ్లకు స్టేషను అందుబాటులో ఉండేది, తంతి కొట్టే వీలుండేది. మా దివిసీమకు రైలే లేదు, ఇప్పటికీ లేదు. ఆ తంతి మాటలోనూ నాకు కనిపించేది తల్లిదండ్రుల తొందరే. బిడ్డను చేర్చలేకపోతే కబురైనా చేర్చాలనుకున్నారు.

అసలైన మందు కథ మరో డెల్టాలో మొదలైంది. 1891లో మెకాంగ్ డెల్టాలోని బాక్ లియూ దగ్గర ఒక పల్లెకు వరద వచ్చింది. నీరు తరమడంతో నాగుపాములు ఇళ్లలో చొరబడి నలభై మందిని కాటేశాయి. అప్పుడు సైగాన్‌లో పనిచేస్తున్న ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ ఆ విషం మీద పరిశోధన చేపట్టి, కొన్నేళ్లకు గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తీశాడు. నాగుపాముకు చేసిన విరుగుడు రక్తపింజరకు పనికిరాదని మన దేశంలో పరిశోధకులు తేల్చారు. కసౌలీలో, బొంబాయి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన కృషి ఫలితంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒకే మందు వచ్చింది. ఇవాళ మన ఆసుపత్రుల్లో పొడి రూపంలో చిన్న సీసాల్లో ఉండేది అదే. దానికి కావలసిన విషంలో చాలా భాగం మహాబలిపురం దగ్గరి ఇరులర్ల సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో ఏర్పడిన సంఘం అది. పాము పట్టడమే బతుకుగా ఉన్నవాళ్ల చేతి నైపుణ్యం మా పిల్లల నరాల్లోకి మందై చేరుతోంది.

మందు ఉంటే సరిపోదు, మనిషి దాని దగ్గరికి చేరాలి. బ్రిటిషు కాలంలో కట్టిన పులిగడ్డ అక్విడక్టు మా సీమకు కాలవ నీళ్లతోపాటు దారినీ ఇచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లను తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది పోయారు. ఆ తర్వాతే మా ఊళ్లలో పక్కా ఇళ్లు, తుఫాను షెల్టర్లు, తారు రోడ్లు పెరిగాయి. పులిగడ్డ-పెనుమూడి వంతెన రేపల్లె వైపు దారి తెరిచింది. 2005లో మొదలైన 108 వాహనం ఆ దారుల మీదే మా గుమ్మం దాకా వచ్చింది.

ఆ వాహనం విలువ నాకు తెలిసింది మా చిన్నదానికి నాలుగేళ్లప్పుడు. నాగాయలంక వైపు మా ఊళ్లో, ఉక్కపోతకు అందరం చాపలేసుకుని నేల మీదే పడుకున్నాం. తెల్లవారుజామున పిల్ల లేచి కడుపునొప్పి అంది. "దిష్టి తగిలిందే అమ్మా, ఉప్పు తిప్పు" అంది మా అత్తగారు. దీపం దగ్గరికి తీసుకొస్తే పిల్ల కనురెప్పలు వాలిపోతున్నాయి. నిద్రమత్తు అనుకున్నాను. మాట ముద్దగా రావడం చూసి మా మావయ్యగారు, "ఇది నిద్ర కాదమ్మాయ్, కట్లపాము. బండికి ఫోన్ చెయ్యండి" అన్నారు. ఒంటి మీద ఎంత వెతికినా కాటు కనబడలేదు.

108 వచ్చి మమ్మల్ని అవనిగడ్డ ఆసుపత్రికి చేర్చింది. అక్కడ డాక్టరుగారు ముందు పిల్ల రక్తం కాస్త గాజు గొట్టంలో తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచమన్నారు. గడ్డకట్టకపోతే రక్తపింజర అని అనుమానించాలట. అది గడ్డకట్టింది. అప్పటికే పది సీసాల మందు ఎక్కించడం మొదలుపెట్టారు. "పసిపిల్లకి అంతా అండీ?" అన్నాను. "పాము పిల్లకో లెక్క, పెద్దకో లెక్క పెట్టదమ్మా. విషం ఎంతో మందూ అంతే" అన్నారు. ఊపిరి తగ్గుతుంటే గొంతులో గొట్టం వేసి, సిస్టరు చేత్తో సంచి నొక్కుతుండగా బందరు పంపించారు. ఆ దారి పొడుగునా పిల్ల గుండె మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఏడవలేదు. నేను ఏడిస్తే ఆ సిస్టరు చెయ్యి వణుకుతుందేమోనని భయం. పిల్ల బతికింది. ఇప్పుడు నాతో సమానంగా వాదిస్తుంది.

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు విపరీతంగా పెరిగినప్పుడు అవనిగడ్డ ఆసుపత్రి రోగులతో నిండింది. ఆగస్టు 29న దేవాదాయ శాఖ మోపిదేవిలో సర్పశాంతి యాగం చేయించింది. బయటివాళ్లు నవ్వారు. మా ఊరి తల్లులు యాగానికి వెళ్లారు, ఆసుపత్రిలో మందుందో లేదో కనుక్కున్నారు కూడా. భయం పోగొట్టేది ఒకటి, విషం పోగొట్టేది ఒకటి. రెండోదాని దగ్గరికి ముందు వెళ్లాలని వాళ్లకు తెలుసు.

దేశం మొత్తం మీద 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు పన్నెండు లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. వాళ్లలో పాతిక శాతానికి పైగా పదిహేనేళ్లలోపు పిల్లలే. ఎక్కువ ప్రాణాలు పోయేది పల్లెల్లో, వానాకాలంలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మా నాయనమ్మ ఊహించని రోజులివి.

అయినా ఎదురుమొండి వాళ్లు ఏటిమొగ రేవు దగ్గర పంటు కోసమే చూస్తున్నారు. ఆ లంకలో ఒక పిల్ల అర్ధరాత్రి కడుపునొప్పి అంటే, వాళ్లమ్మ మా నాయనమ్మ కాలంలోనే నిలబడి ఉంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు సీసాలుండాలి, రాత్రుళ్లు ఊపిరి సంచి నొక్కగలిగే మనిషి ఉండాలి, ఎదురుమొండికి వంతెన పూర్తి కావాలి. తల్లిదండ్రులుగా మన పని మనం చేయాలి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టాలి. కాటేసిన చోట కోయకూడదు, తాడు బిగించి కట్టకూడదు. పిల్లను నడిపించకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా ఎత్తుకుని బయలుదేరాలి. మొక్కులు దారిలో మొక్కుకోవచ్చు. స్వామి వింటాడు, ముందు బండి కదలనివ్వండి.