మెదడు పొరల క్షయ: ఆరోగ్యవరం నుంచి ఆత్మకూరు దాకా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

క్షయ తెలుగు సమాజానికి చిరపరిచితమైన వ్యాధి. అది మెదడు పొరలకు సోకడం మాత్రం అరుదు. సోకినప్పుడు ప్రాణం పోవడమో, జీవితకాలపు వైకల్యం మిగలడమో తరచుగా జరుగుతుంది. ఈ వ్యాధిరూపాన్ని వైద్యశాస్త్రం గుర్తించిన క్రమాన్ని, దక్షిణాదిన జరిగిన కృషిని, ఆ జ్ఞానం ఆత్మకూరు వంటి ఊళ్ళకు చేరడంలోని అవరోధాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్షయ, మెదడు పొరల వాపు, బీసీజీ, ఆరోగ్యవరం, పాలమూరు, వలస.

1. ప్రవేశిక

నేటి వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు పూర్వం అమరచింత సంస్థానానికి కేంద్రం. హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తర్వాత ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైంది. 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లాలో చేరింది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల సాహిత్యపోషణ పరిశోధకులకు తెలిసిన విషయమే. అదే నేల మీద బతికిన సామాన్యుల రోగాల చరిత్ర కూడా సామాజిక చరిత్రలో భాగమే. వ్యాధికి పెట్టిన పేరు, వైద్యశాలకు ఉన్న దూరం, కూలి పని స్వభావం అన్నీ కలిసి రోగి గతిని నిర్ణయిస్తాయి. మెదడు పొరల క్షయ ఇందుకు స్పష్టమైన నిదర్శనం.

2. పేరులోని చిక్కు

జ్వరంలో మాట తప్పితే ‘సంధి’ అనడం, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటే ‘మూర్ఛ’ అనడం తెలుగునాట పాత వాడుక. ఇటీవలి దశాబ్దాలలో ‘మెదడువాపు’ అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది. అయితే ఈ మాట ఎక్కువమందికి దోమల ద్వారా వ్యాపించే వైరస్ వ్యాధినే స్ఫురింపజేస్తుంది. మెదడు కణజాలం వాచడం వేరు, మెదడును కప్పిన పొరలు వాచడం వేరు.

ఇతర బాక్టీరియాల వల్ల వచ్చే పొరల వాపు సాధారణంగా గంటలలో, రోజులలో ముదురుతుంది. క్షయ వల్ల వచ్చేది వారాల తరబడి పొంచి ఉంటుంది. సన్నపాటి జ్వరం, తలనొప్పి, అన్నహితవు లేకపోవడం, వాంతులు, చురుకైన పిల్లవాడు ముభావంగా మారడం దీని తొలి లక్షణాలు. వీటిలో ఏ ఒక్కటీ ప్రత్యేకమైనది కాదు. మెల్లకన్ను, మగత, పక్షవాతం కనిపించేనాటికి వ్యాధి ముదిరిపోతుంది. ప్రత్యేకమైన పేరు ప్రజల నోట లేని వ్యాధిని తొలిదశలో అనుమానించడం కష్టం.

3. గుర్తింపు చరిత్ర

ఎడిన్‌బరో వైద్యుడు రాబర్ట్ విట్ పిల్లల మెదడులో నీరు చేరే వ్యాధిని వివరించిన గ్రంథం ఆయన మరణానంతరం 1768లో వెలువడింది. మెదడు పొరల క్షయకు స్పష్టమైన తొలి వర్ణనగా దీనిని పరిగణిస్తారు. అయితే అది క్షయ అని ఆయనకు తెలియదు. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని ప్రకటించాడు. 1891లో హైన్రిఖ్ క్వింకె నడుము వెన్నుపూసల మధ్య సూది గుచ్చి మెదడు-వెన్ను ద్రవాన్ని తీసే పద్ధతిని ప్రవేశపెట్టడంతో, బతికున్న రోగిలోనే వ్యాధిని నిర్ధారించే మార్గం ఏర్పడింది.

క్రిమి పొరలకు ఎలా చేరుతుందన్న ప్రశ్నకు 1933లో ఆర్నాల్డ్ రిచ్, హోవర్డ్ మెకార్డక్ సమాధానం ఇచ్చారు. రక్తం ద్వారా వచ్చిన క్రిములు మొదట మెదడులోనో, పొరలలోనో చిన్న గడ్డగా నిలుస్తాయి. ఆ గడ్డ పగిలి ద్రవంలోకి చిమ్మినప్పుడు వాపు మొదలవుతుందని వారు నిరూపించారు. ఉపద్రవాలన్నీ దీని నుంచే పుడతాయి. మెదడు అడుగుభాగాన పేరుకున్న జిగట స్రావం ద్రవమార్గాలను మూసివేస్తే తలలో నీరు నిలుస్తుంది. అక్కడి రక్తనాళాలు వాచి పూడుకుపోతే పక్షవాతం వస్తుంది. కంటి నరాలు నలిగితే చూపు పోతుంది.

4. చికిత్స తెచ్చిన మార్పు

1944లో స్ట్రెప్టోమైసిన్ ఆవిష్కరణ వెలువడేదాకా ఈ వ్యాధి సోకితే దాదాపు మరణమే. ఆ మందుతో కొందరు బతుకుతున్నారని 1948లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి నివేదించింది. బతికినవారిలో కొందరికి వినికిడి పోయింది. అందుకు వ్యాధీ కారణం కాగలదు, మందూ కాగలదు. 1952లో వచ్చిన ఐసోనియజిడ్ మెదడు-వెన్ను ద్రవంలోకి సులువుగా చేరడం వల్ల చికిత్స స్వరూపమే మారింది. 2004లో వియత్నాంలో 545 మందిపై జరిగిన పరీక్షలో, క్షయ మందులకు డెక్సామెథసోన్ తోడైతే మరణాలు తగ్గాయని తేలింది. తీవ్రవైకల్యం మాత్రం స్పష్టంగా తగ్గలేదు. ప్రాణం నిలపడం, మనిషిని మునుపటిలా నిలపడం ఒకటి కావు.

5. దక్షిణాది కృషి

ఈ చరిత్రలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం ముఖ్యమైనది. అక్కడి క్షయ శానిటోరియం 1915లో ప్రారంభమైంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాని తొలి సారథి. 1950 దశకంలో మదనపల్లె పరిసర గ్రామాలలో బీసీజీ టీకాపై జరిగిన అధ్యయన ఫలితాలు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడ్డాయి. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో అంతకన్నా పెద్ద పరీక్ష మొదలైంది. పెద్దల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ అడ్డుకోలేదని అది తేల్చింది.

అయినా టీకాను మానలేదు. పిల్లలలో మెదడు పొరల క్షయను అది బాగా నివారించడమే ఇందుకు ప్రధాన కారణం. ఈ రక్షణ 73 శాతం వరకు ఉంటుందని 2006లో ఒక సమగ్ర అంచనా వెలువడింది. అంటే సామాన్య రూపాన్ని ఆపలేని టీకా అరుదైన రూపం కోసమే నిలిచింది. ఊరూరా పసిపిల్లల ఎడమ భుజం మీది మచ్చకు ఉన్న అర్థం ఇదే.

శస్త్రచికిత్స విషయానికి వస్తే, వెల్లూరులో 1949లో, మద్రాసులో 1950లో న్యూరోసర్జరీ మొదలైంది. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో 1956లో డాక్టర్ బాలపరమేశ్వరరావు ఆ విభాగాన్ని నెలకొల్పారు. తలలో చేరిన నీటిని గొట్టం ద్వారా పొట్టలోకి మళ్ళించే శస్త్రచికిత్స ఎవరికి మేలు చేస్తుందో అంచనా వేసే శ్రేణీకరణ 1991లో వెల్లూరు వైద్యుల నుంచే వెలువడింది.

6. ఆత్మకూరు దూరం

ఆత్మకూరు నుంచి హైదరాబాదు నూట యాభై కిలోమీటర్లకు పైమాటే. వెన్ను ద్రవ పరీక్ష, మెదడు స్కానింగ్, న్యూరోసర్జరీ దీర్ఘకాలం ఆ నగరంలోనే కేంద్రీకృతమయ్యాయి. దానికి తోడు వలస. ఆనకట్టల నిర్మాణం నుంచి నగరాల కట్టడాల దాకా మట్టిపని చేసిన ‘పాలమూరు లేబర్’ ఒకచోట నిలిచింది కాదు. కనీసం తొమ్మిది నుంచి పన్నెండు నెలలు మందు మానకూడని ఈ వ్యాధికి, పని వెంట ఊళ్ళు మారే జీవితానికి పొత్తు కుదరదు. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులలో ప్రభుత్వ వైద్యకళాశాలలు రావడంతో ఈ దూరం కొంత తగ్గింది. పరీక్ష దగ్గరైనా, అనుమానించే చూపు ఊరి ఆరోగ్య కేంద్రంలోనే మొదలుకావాలి.

7. ముగింపు

‘అరుదు’ అన్న మాటలో రెండు అర్థాలున్నాయి. ఒకటి వ్యాధి తక్కువగా రావడం. రెండవది వచ్చినా గుర్తింపునకు నోచుకోకపోవడం. ఆసుపత్రి దాకా చేరని పిల్లవాని మరణం ఇంట్లో ‘సంధి’గా మిగులుతుంది, లెక్కలోకి రాదు. కాబట్టి ఈ వ్యాధి చరిత్రను ఆసుపత్రి దస్త్రాల నుంచి మాత్రమే రాయలేము. వలస కుటుంబాల మౌఖిక కథనాలు, వ్యాధులకు వాడే ప్రాంతీయ పదజాలం, టీకా నమోదు పుస్తకాలు కూడా ఆధారాలే. భాషాసాహిత్య పరిశోధకులూ చరిత్రకారులూ వైద్యులతో కలిసి వీటిని సేకరిస్తే, సంస్థానాల చరిత్రలో చోటు దొరకని మనుషులకు చోటు దొరుకుతుంది.